జీర్ణగ్రంథోద్ధారకులు శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు

ఆగమశాస్త్రములలో జీర్ణోద్ధారవిధి యని యొక ప్రకరణము కలదు. గోపురము బీటవారినను, విమానము శిథిలమైనను, గర్భాలయపు రాళ్లు కదలినను ఏమి చేయవలెనో అందు చెప్పబడినది. ముందుగా మూర్తియందలి కళలను కలశమునందు ఆవాహన చేసి, బాలాలయమున నిలిపి, అచట నిత్యార్చన తప్పకుండ జరుపుచు, ఇచట పని సాగింతురు. పని ముగిసిన పిదప కళలను మరల మూలస్థానమునకు చేర్తురు. మరమ్మతు జరుగుచున్నంత కాలమును పూజ ఆగరాదు. రాతికి చేయు చికిత్సకంటె ఈ నియమమే ముఖ్యము. క్రొత్తగుడి కట్టుటకంటె పాతగుడిని నిలుపుట అధికఫలప్రదమని పెద్దలందురు. కాని గుడి నిలిచి, పూజ ఆగినచో ఆ ఉద్ధరణము ఉద్ధరణము కాదు.

ఆలయములకు వలెనే గ్రంథములకును జీర్ణత కలదు. వానిని ఉద్ధరించు విధానమును ఏ ఆగమమును చెప్పలేదు. చేసి చూపినవారి జీవితమే అందులకు శాస్త్రము. తెలుగునాట అట్టివారిలో శ్రీ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు. తిరుమలేశుని సన్నిధిలో నాలుగు శతాబ్దులు మౌనముగా నున్న సంకీర్తనలు నేడు ఇంటింట వినవచ్చుచున్నవన్నచో, ఆ భాగ్యమునకు కారకులైన కొలదిమందిలో వారొకరు.

శాస్త్రిగారు 1888 ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణామండలములోని పెదకళ్లేపల్లిలో జన్మించిరి. కృష్ణానదీతీరమున దుర్గానాగేశ్వరస్వామి వెలసిన క్షేత్రమది. తండ్రి సుందరశాస్త్రిగారు, తల్లి శేషమ్మగారు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యులై సాహిత్యమభ్యసించిరి. ఆ గురువుగారి శిష్యులలో అవధానములవైపు మరలినవారు పలువురు, కావ్యరచనచే కీర్తినొందినవారు పలువురు. శాస్త్రిగారికిని కవిత్వము అలవడినది. ధారాశుద్ధి కలదు. అయినను వారు తమ కవిత్వముకంటె ఇతరుల కవిత్వమునే, అందును చెడిపోవుచున్న కవిత్వమునే ఎక్కువగా ప్రేమించిరి. యౌవనమున చెన్నపట్టణము చేరి, అచటి ప్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున పండితులుగా కుదిరిరి.

ఆ భాండాగారము 1869లో ఏర్పడినది. కర్నల్ మెకంజీ, లేడెన్, బ్రౌను దొరలు సంపాదించిన తాళపత్రములును, కాగితపు ప్రతులును అందలి మూలధనము. మన యిండ్ల అటకలపై పొగపట్టియున్న పుస్తకములను ధనము వెచ్చించి కొనుటకు పరదేశులు రావలసివచ్చెను గదా యని యొక నిట్టూర్పు విడువక తప్పదు.

అచ్చుపుస్తకముతో పుట్టి పెరిగినవారికి తాటియాకు పుస్తకపు కష్టసుఖములు తెలియవు. లేతయాకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో చెక్కినట్లు వ్రాయుదురు. వ్రాసిన గీత కంటికానదు. దీపపుమసిని ఆకుపసరుతో కలిపి పూసి తుడిచినపుడు ఆ గీతలలో నలుపు నిలిచి అక్షరము తేలును. ఆకులకు రంధ్రములు చేసి త్రాట గ్రుచ్చి, క్రిందను మీదను చెక్కపలకలుంచి, బట్టలో చుట్టి దాచుదురు. ఎంత దాచినను రెండు మూడు వందల యేండ్లకు ఆకు పెళుసగును. అంచులు విరుగును. పురుగు ఒక ఆకున తొలిచిన రంధ్రము క్రింది పది ఆకులలోనికిని పోవును. నిమ్మగడ్డి నూనె రాసిన కొంత సాగును. అంతియే.

కాబట్టి పూర్వులు ఆకును కాపాడుటపై ఆశపెట్టుకొనలేదు. ఆకు శిథిలమగుటకు ముందే మరియొక ఆకుపై ప్రతి వ్రాసికొనుచుండిరి. ప్రాతప్రతిని నదిలో విడుచుచుండిరి. అది అనాదరము కాదు. దేహము మారినది, ప్రాణము నిలిచినది. పంతొమ్మిదవ శతాబ్దిలో అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఈ క్రమము తప్పెను. అచ్చయిన కొలది గ్రంథములు వేలకొలదిగా వ్యాపించినవి. అచ్చుకానివానికి ప్రతి వ్రాయువారు లేకపోయిరి. ఆకులను నదిలో విడుచు అలవాటు మాత్రము మిగిలెను. ఒక గ్రంథపు తుదిప్రతి యేదో, పదిప్రతులలో నొకటి యేదో తెలియకయే ఏటి పాలయినవి యెన్నియో!

శాస్త్రిగారు ఆ భాండాగారమున కూర్చుండి చేసిన పని బయటికి చూడ నీరసమైనది. ప్రాతవ్రాతలలో పదమునకు పదమునకు నడుమ ఎడముండదు. పద్యము ముగిసిన చోట పంక్తి మారదు. హ్రస్వ దీర్ఘములైన ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు తరచు భేదము చూపబడదు. వ్రాయసకాడు అర్థము తెలియనివాడైనచో తన కంటికి తోచినది వ్రాసెను. అర్థము తెలిసినవాడైనచో ఇంకను ప్రమాదము, తన బుద్ధికి తోచినది వ్రాసెను. ఒకే గ్రంథపు ప్రతులు నాలుగు ముందుంచుకొని, ఛందస్సు, యతి, ప్రాస, వ్యాకరణము, ఆ కాలపు వాడుక అను దీపములు పట్టుకొని, కవి నోట వెలువడిన మాట యేదో వెదకవలెను. కూలినగోడ రాళ్లను ఏరి, ఏ రాయి యే వరుసలోనిదో గుర్తించి మరల పేర్చు స్థపతి పనికిని దీనికిని భేదము లేదు.

ఆకుల చివరను, అట్టల లోపలను, గ్రంథము ముగిసిన పిదప మిగిలిన జాగాలోను వ్రాయసకాండ్రు తమకు నచ్చిన విడిపద్యములను వ్రాసికొనుట కలదు. పరిష్కర్తలు సాధారణముగా వానిని పట్టించుకొనరు. వారు వెదకునది మహాకావ్యము. శాస్త్రిగారు వానిని ఏరి కూర్చిరి. అంతటితో ఆగక వృద్ధుల నోళ్లలో నానుచున్న పద్యములనుకూడ అడిగి వ్రాసికొనిరి. అట్లేర్పడినదే చాటుపద్యమణిమంజరి. శ్రీనాథుని చమత్కారములు, రాయల సభలోని ముచ్చట్లు, దాతలపై దీవెనలు, లోభులపై తిట్లు, ఆకలి, వలపు, వేదాంతము అన్నియు అందు కలసియున్నవి. కవిసార్వభౌముడు తుదినాళ్లలో గుత్తకు తీసికొన్న పొలము పండక, పన్ను చెల్లింపలేక పడిన పాట్లు మనకు ఏ కావ్యమువలనను తెలియవు. చాటువులే చెప్పినవి. 1923లో వెలువడిన శృంగారశ్రీనాథమున శాస్త్రిగారు ఈ విడి ఆధారములను కూర్చి ఆ మహాకవి జీవితమును తిరిగి నిలిపిరి.

1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళి ఇంకను విలక్షణమైనది. మూలగ్రంథములు నశించినవి. కాని పూర్వసంకలనకర్తలు, లాక్షణికులు ఉదాహరణములుగా పట్టిన పద్యములలో వాని తునకలు మిగిలినవి. ఇల్లు పోయినది, వాకిటి ద్వారబంధము మాత్రము నిలిచినది. దానిని చూచి ఇల్లు ఎంతటిదో ఊహింపవలెను. పేరు మాత్రమే వినియుండిన కవులకు, పేరైనను వినని కవులకు ఈ పుస్తకముచే మరల కొంత ఉనికి కలిగెను.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమును 1926లో విపులమైన పీఠికతో వెలువరించిరి. మార్గకవిత్వమును మరగిన పండితులు ద్విపదను చిన్నచూపు చూచు రోజులవి. వైదికకుటుంబమున పుట్టి, ప్రౌఢసంస్కృతము చదివిన వారు, శివభక్తుల కథలను జానుతెనుగున పాడిన గ్రంథముపై అంత శ్రమపడుటయే వారి మనస్సు ఎట్టిదో తెల్పుచున్నది. ప్రాతదన్న మాత్రమున సంస్కృతభూయిష్ఠమునే వెదకలేదు. భాసుని రూపకములను కేరళదేశపు తాళపత్రములలో గణపతిశాస్త్రిగారు కనుగొని 1912 మొదలు ప్రకటింపగా, ప్రతిమానాటకము, కర్ణభారము మున్నగువానిని శాస్త్రిగారు తెలుగు చేసిరి. వానిని తెలుగు చేయుటకు కారణము రూపకముల గుణమొకటే కాదనియు, మునిగి తేలిన గ్రంథములన్న వారికి గల మమకారమును అందు కలదనియు తోచును.

వారి నిర్ణయములన్నియు శిరోధార్యములని కాదు. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయనిది కాదు, శ్రీనాథునిదే యని వారు గట్టిగా వాదించిరి. అందరును అంగీకరింపలేదు. వాదము నేటికిని తెగలేదు. కాని వాదించుటకైనను గ్రంథము చేతనుండవలెను గదా.

ఈ నడుమ వారి జీవితమున మరియొక ధార కలసినది. కుంభకోణమున మాస్టరు సి.వి.వి. యను పేర ప్రసిద్ధులైన యోగాచార్యులుండిరి. వారు 1868లో పుట్టి 1922లో సిద్ధిపొందిరి. శాస్త్రిగారు వారిని గురువుగా స్వీకరించి, ఆ యోగమును తుదివరకు సాధించిరి. రోగులై వచ్చినవారికి ఆ మార్గముననే స్వాస్థ్యము కలుగవలెనని కృషిచేసిరి. ఆ యనుభవములను ప్రజ్ఞాప్రభాకరమను గ్రంథమున తామే చెప్పుకొనిరి. పండితులు కొందరు ఈ భాగమును మెల్లగా దాటిపోవుదురు. దాటవలసిన పని లేదు. పురుగు తొలిచిన ఆకును, వ్యాధి తొలిచిన దేహమును ఒకే ఓర్పుతో చూచిన చూపు అది.

1939లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనసంస్థను నెలకొల్పిరి. శాస్త్రిగారు చెన్నపురి విడిచి తిరుపతి చేరి, అందు తమ శేషజీవితమును గడపిరి. అచట వారి చేతికి వచ్చినవి తాటియాకులు కావు, రాగిరేకులు.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో పరమపదించిరి. పదునారవ యేట స్వామి ఆజ్ఞచే సంకీర్తనరచన కుపక్రమించి, శకవర్షము 1346 క్రోధి సంవత్సరము మొదలు 1424 దుందుభి సంవత్సరము వరకు పాడిరని రేకుపైననే చెక్కబడియున్నది. ఆ పదములు ముప్పదిరెండు వేలని మనుమని వాక్కు. కుమారులు పెదతిరుమలాచార్యులు వానిని తామ్రపత్రములపై చెక్కించి, తిరుమల ఆలయాంతరమున నొక చిన్న రాతి అరలో భద్రపరిపించిరి. అదియే సంకీర్తనభండారము. తరువాత ఆ వంశపువారి సంకీర్తనలును అందు చేరినవి.

తాటియాకు నూరేండ్లదనియు, రాగి వేయేండ్లదనియు ఆ తండ్రీకొడుకులకు తెలియును. వారి యెంపిక తప్పు కాదు. కాని ఆకును ప్రతి తరమువారును విప్పి చదివి తిరుగవ్రాయవలెను, లేనిచో చెడును. రాగికి ఆ భయము లేదు. విప్పకున్నను చెడదు. కాబట్టి ఎవరును విప్పలేదు. విజయనగరరాజ్యము పడిపోయినది, ప్రభువులు మారిరి. అరలో రేకులు ఉన్నవి ఉన్నట్లే ఉండెను. ప్రతిరాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి జరుగుచునే యుండెను. అన్నమాచార్యులదిగా ప్రసిద్ధమైన జో అచ్యుతానంద యను జోలపాట తెలుగుతల్లుల నోట సాగుచునే యుండెను. నోటనున్న ఆ కొలదిపాటలు బ్రదికినవి. అరలోనున్న వేలపాటలు చెడలేదు, బ్రదుకనులేదు.

పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము వ్రాయుచు, తిరుపతిలో వేలకొలది రాగిరేకులపై ప్రాచీనగ్రంథములు కలవని విని పరీక్ష చేయించెను. ఒక లక్షణగ్రంథము తప్ప తక్కినవన్నియు దేవునిపై పాటలేయని తేలగా, ఆ లక్షణగ్రంథమునకు ప్రతి వ్రాయించుకొని ఊరకుండెను. ఈ సంగతిని 1816లో అచ్చయిన తన వ్యాకరణపు పీఠికలో తానే వ్రాసెను. ఆయనను నిందింపరాదు, ఆయన వెదకినది వ్యాకరణము. కన్ను తెరచి చూచియు, వట్టి పాటలే గదా యని మూసిన తలుపు మరల నూరేండ్లు తెరవబడలేదు.

1922లో ఆ రేకులను కొండ దింపి తిరుపతికి చేర్చిరి. దేవస్థానశాసనములను పరిశోధించుచుండిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాని విలువను గుర్తించి లోకమునకు తెల్పిరి. రేకులు సుమారు రెండువేల అయిదువందలు, పాటలు సుమారు పదునాలుగు వేలు. 1930వ దశకమున పండిత విజయరాఘవాచార్యులవారు తాళ్లపాక కవుల కృతులను ప్రకటించుట కారంభించిరి. ఆ పిదప ఆ భారము ప్రభాకరశాస్త్రిగారిపై పడినది.

ఆ పని కాగితముపై పాటను ఎత్తివ్రాయుటయని తలపరాదు. రేకులపై అక్షరములు చెక్కినవారు శిల్పులు. పల్లవి యెక్కడ ముగిసెనో, చరణమెక్కడ తొడగెనో చదువువాడే తెలిసికొనవలెను. అన్నిటికంటె కష్టమైనది భాష. అన్నమయ్య పాటలలో వేదాంతమెంత కలదో, పంటచేను, వంటయిల్లు, సంత, పిల్లల ఆట, కూలివాని కష్టము అంత కలవు. ఆ మాటలు కావ్యములలో లేవు, కావ్యములను చూచి కూర్చిన నిఘంటువులలోను లేవు. కావ్యములే చదివిన పండితుడు అట్టి మాట కనబడగానే చెక్కినవాని తప్పని తలచి దిద్దివేయును. అది మరమ్మతు పేర చేయు విధ్వంసము. శాస్త్రిగారు చాటుపద్యములలోను, ద్విపదలలోను, ముసలివారి మాటలలోను నలుబదియేండ్లు తిరిగినవారు. ఎవరును లెక్కింపని ఆ విడిపద్యములను ఏరిన శ్రమ తిరుమలేశుని పాటలకు ఉపయోగపడినది. చిన్నవస్తువును పారవేయనివానికి పెద్దవస్తువు చేతికందిన గడియ అది.

ఒక లోటును పూరించుట మాత్రము ఎవరి తరమును కాలేదు. ప్రతిపాట తలపై రాగము పేరు చెక్కబడియున్నది, స్వరము చెక్కబడలేదు. గురుశిష్యపరంపర నోటినుండి నోటికి నడపుననుకొన్నారు కాబోలు. పరంపర తెగినది. సాహిత్యము యావత్తు రాగిలో నిలిచియు, అన్నమయ్య పాడిన మట్టు గాలిలో కలసెను. చాటుపద్యమునకు ఆకును లేదు, రేకును లేదు. జనుల నాలుకయే దాని భండారము. అది చెడక వచ్చినది. రాగితలుపుల వెనుక దాచిన పాట సగమే వచ్చినది. రెంటిని చేతులార ముట్టినవారు గనుక శాస్త్రిగారికి ఈ భేదము ఇతరులకంటె బాగుగ తెలియును. అందుచేతనే పుస్తకములు అచ్చువేయుటతో తృప్తిపడక, అన్నమాచార్యుల పేర ఉత్సవములు జరుగవలెననియు, పాటలు గాయకుల నోటికి చేరవలెననియు పట్టుబట్టిరి.

అన్నమయ్య మనుమలు చిన్నన్న యను తాళ్లపాక చినతిరువేంగళనాథుడు తాతగారి చరిత్రమును ద్విపదగా వ్రాసియుండెను. బాలుడు తాళ్లపాక విడిచి తిరుమలకు వచ్చుట, కొండయెక్కుచు అలమేలుమంగను స్తుతించుట, సాళువ నరసింహరాయడు తనపై పదములు పాడుమనగా హరిని పాడు నోట నరుని పాడనని నిరాకరించి సంకెలలు ధరించుట మున్నగు వృత్తాంతములు అందుండియే మనకు తెలిసినవి. శాస్త్రిగారు దీనిని పరిష్కరించి, 1949లో దేవస్థానముద్రణముగా విస్తృతమైన పీఠికతో వెలువరించిరి. పాటలు దొరకి, పాడినవాడెవరో తెలియనిచో ఉద్ధరణము పూర్తికాదు. ఈనాడు అన్నమయ్యను గూర్చి మాటాడువారందరును, తెలిసియో తెలియకయో, ఆ పీఠిక నీడలోనే మాటాడుచున్నారు.

ఆ మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో గురువు చెళ్లపిళ్లవారు అస్తమించిరి. 1950 ఆగస్టు 29వ తేదీన శిష్యుడును వెడలిపోయెను. శాస్త్రిగారికి అప్పటికి అరువదిరెండేండ్లు. రేకులలో పెక్కు ఇంకను అచ్చుముఖము చూడలేదు. సంపుటముల పరిష్కరణమును రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు చేపట్టిరి. వారు పండితులేకాక సంగీతవిద్వాంసులు. పోయిన మట్టును తెచ్చుట ఎవరికిని సాధ్యము కాదని యెరిగి, అనేక సంకీర్తనలకు తామే స్వరము కూర్చి, స్వరసహితముగా ముద్రింపించిరి. ఆ పుస్తకములను ముందుంచుకొని గాయనీగాయకులు సాధన మొదలుపెట్టిరి.